పగడం రాయా, మొక్కా, జంతువా?

మీ ఇంట్లో పెద్దవారి మంగళసూత్రాన్ని ఒకసారి గమనించండి. నల్లపూసల నడుమ, ముత్యాల పక్కన, ఎర్రని పూసలు ఒకటో రెండో కనిపించవచ్చు. అవే పగడాలు. నవరత్నాల్లో పగడం ఒకటి. దాన్ని కుజుడికి ఇష్టమైన రత్నంగా మన జ్యోతిషులు చెబుతారు. కెంపు, నీలం, వజ్రం భూమిలోంచి తవ్వి తీసిన రాళ్లు. ముత్యం చిప్పలోంచి వచ్చిందని, ఆ చిప్పలో ఒక జీవి ఉంటుందని చూసిన వారందరికీ తెలుస్తుంది. మరి పగడం ఏమిటి? ఈ చిన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి మానవజాతికి రెండు వేల సంవత్సరాలకు పైగా పట్టింది.

ఈ ప్రసంగంలో మనం ఆ జవాబు కోసం జరిగిన అన్వేషణను పరిశీలిద్దాం. పగడాన్ని మనిషి మొదట రాయి అన్నాడు. తర్వాత మొక్క అన్నాడు. ఆ తర్వాత జంతువు అన్నాడు. చివరికి అది ఒక్క జీవి కాదు, రెండు జీవుల భాగస్వామ్యం అని తెలుసుకున్నాడు. ఇవి కేవలం పుస్తకాల్లోని మాటలు కావు. జవాబు మారినప్పుడల్లా పగడం పట్ల మనిషి ప్రవర్తన కూడా మారుతూ వచ్చింది. కొన్నిసార్లు మాత్రం జవాబు తెలిసిన తర్వాత కూడా ప్రవర్తన మారడానికి చాలా కాలం పట్టింది. మన కథలో ముఖ్యమైన విషయం అదే.

రాయి అనుకున్న కాలం

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో పుట్టిన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాళ్ల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో పగడం కూడా ఉంది. అది సముద్రంలో పెరుగుతుందని, ఎర్రగా, వేరులా గుండ్రంగా ఉంటుందని, రాయి వంటిదని అతడు వర్ణించాడు. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన పురాణ కథ మరీ విచిత్రంగా ఉంటుంది. పెర్సియస్ అనే వీరుడు మెడూసా అనే రాక్షసి తల నరికి సముద్రపు నాచు మీద పెట్టాడట. ఆ తల ప్రభావంతో నాచు గట్టిపడి పగడమైందట. ఆ మెడూసా పేరునే తరువాతి కాలంలో శాస్త్రజ్ఞులు పగడానికి దగ్గర బంధువైన జెల్లీ చేపకు పెట్టారు. ఈ బంధుత్వం సంగతి కొంచెం సేపట్లో చూద్దాం.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. నగల్లో వాడే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. అది మన తీరాల్లో పెరిగేది కాదు. మన తీరాల్లో ఉండేవి దిబ్బలు కట్టే రాతి పగడాలు. వీటి అస్థిపంజరం తెల్లగా ఉంటుంది, నగలకు పనికిరాదు. రెండూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవే గాని శాఖలు వేరు.

అందువల్ల ఎర్ర పగడం కోసం మనవాళ్లు పడమటి దేశాల మీద ఆధారపడ్డారు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఒక ఆసక్తికరమైన మాట చెప్పాడు. రోమన్లు భారతదేశపు ముత్యాలను ఎంత విలువగా చూస్తారో, భారతీయులు పగడాన్ని అంత విలువగా చూస్తారన్నది ఆ మాట సారాంశం. గిరాకీ వల్ల పగడం పుట్టిన చోటనే అరుదైపోయిందని కూడా అతడు రాశాడు. అదే శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రా గ్రంథం పడమటి తీరంలోని రేవులకు దిగుమతయ్యే సరుకుల్లో పగడాన్ని పేర్కొంది. వాటిలో నేటి భరూచ్ అయిన బరిగజ ఒకటి.

తెలుగు నేలపై కూడా దీనికి సాక్ష్యం ఉంది. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులు లాక్కోవడం అప్పటి ఆచారం. ఇకపై అలా జరగదని, సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనం విదేశీ వర్తకులకు హామీ ఇచ్చింది. సుంకం విధించిన సరుకుల జాబితాలో కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు నూలుతో పాటు పగడాలు కూడా ఉన్నాయి. రాజుకు, వర్తకుడికి, కొనే ఇల్లాలికి పగడం ఒక సరుకు, ఒక రాయి. దానికి ప్రాణం ఉందా అన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

పూలు పూసిన మొక్క

ఆ ప్రశ్న పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సు దక్షిణ తీరంలో వచ్చింది. ఇటలీకి చెందిన కౌంట్ మార్సిలీ సైన్యంలో పనిచేసి, తర్వాత సముద్ర పరిశోధనకు దిగిన వ్యక్తి. 1706లో ఆయన మార్సే నగరం దగ్గర జాలరులతో కలిసి సముద్రంలోకి వెళ్లాడు. అప్పుడే తీసిన పగడపు కొమ్మలను సముద్రపు నీళ్లున్న గాజు పాత్రల్లో ఉంచాడు. కొంతసేపటికి ఎర్రని కొమ్మ నిండా తెల్లని పూలు విచ్చుకున్నాయి. ఒక్కో పువ్వుకు ఎనిమిది రేకులు. నీళ్లలోంచి తీస్తే ముడుచుకుపోయాయి, తిరిగి నీళ్లలో వేస్తే మళ్లీ విచ్చుకున్నాయి.

మార్సిలీ ఆనందానికి అంతులేదు. పగడం రాయి కాదు, పూలు పూసే మొక్క అని ఆయన ప్రకటించాడు. ఐరోపాలోని విద్వాంసులు దాన్ని ఆమోదించారు. మీరే ఆలోచించండి, ఆ కాలంలో మనం ఉన్నా అదే అనుకునేవాళ్లం కదా! కొమ్మలు ఉన్నాయి, రేకులు ఉన్నాయి, ఒకే చోట పాతుకుని ఉంది. మొక్క కాక మరేమిటి?

పేరు దాచిన వైద్యుడు

మార్సే నగరంలోనే పేసొనెల్ అనే వైద్యుడు ఉండేవాడు. మార్సిలీ చేసిన ప్రయోగాన్నే ఆయన మరింత ఓపికగా చేశాడు. 1720లలో ఉత్తర ఆఫ్రికా తీరానికి వెళ్లి అక్కడి పగడాలను కూడా పరిశీలించాడు. ఆ పూల రేకులు పువ్వు రేకుల్లా ఊరకే ఉండటం లేదు. తాకితే ముడుచుకుంటున్నాయి, చాచుకుంటున్నాయి. పగడం కుళ్లితే వచ్చే వాసన ఆకుల వాసన కాదు, చేప కుళ్లిన కంపు. ఆయన నిర్ణయం ఒక్కటే: ఇవి పూలు కావు, చిన్న చిన్న జంతువులు. సముద్రపు రాళ్లను అంటిపెట్టుకుని ఉండే సీ ఎనిమోన్‌ల వంటివే. మనం రాయి అనుకునేది ఆ జంతువులు కట్టుకున్న ఇల్లు.

పేసొనెల్ ఈ విషయాన్ని పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి తెలియజేశాడు. అక్కడి ప్రముఖుడు రియోమూర్‌కు ఇది నమ్మశక్యంగా తోచలేదు. ఆయన 1727లో ఈ వాదాన్ని ఖండిస్తూ మాట్లాడాడు. అయితే ఇంత అసంబద్ధమైన మాట చెప్పిన మనిషి నవ్వులపాలు కాకూడదనే మర్యాదతో ఆ వైద్యుడి పేరు మాత్రం బయటపెట్టలేదు! విజ్ఞాన చరిత్రలో ఇటువంటి మర్యాదలు చాలా నష్టం చేశాయి. పేసొనెల్ తర్వాత వెస్టిండీస్‌లోని గ్వాడలూప్ దీవికి వైద్యుడిగా వెళ్లిపోయాడు.

పరిస్థితిని మార్చింది సముద్రం కాదు, ఒక మంచినీటి కుంట. 1740లో హాలండ్‌లోని హేగ్ నగరంలో అబ్రహాం ట్రెంబ్లే అనే యువకుడు ఇద్దరు పిల్లలకు చదువు చెబుతూ ఉండేవాడు. కుంట నీటిలో దొరికిన ఒక సన్నని ఆకుపచ్చ జీవిని చూసి అది మొక్కా, జంతువా అని అతనికి సందేహం కలిగింది. దాన్ని రెండు ముక్కలు చేశాడు. రెండూ బతికి, రెండు పూర్తి జీవులయ్యాయి! మొక్క కొమ్మ నాటితే చిగురించినట్లు ఉంది. కాని అది నడుస్తోంది, ఎరను పట్టి తింటోంది. దాన్నే మనం ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో హైడ్రా అని చదువుకుంటున్నాం. దానికి పాలిప్ అనే పేరు కూడా వచ్చింది. మొక్కలా పెరిగే జంతువు ఉండగలదని రుజువైంది. అప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సముద్ర తీరానికి వెళ్లి మళ్లీ చూశారు. 1742లో రియోమూర్ తాను పొరబడ్డానని ఒప్పుకున్నాడు. ఈసారి పేసొనెల్ పేరు చెప్పి మరీ ఒప్పుకున్నాడు. 1753లో లండన్ రాయల్ సొసైటీ పత్రిక పేసొనెల్ పరిశోధన సారాన్ని ప్రచురించింది.

ఒక పెద్ద కుటుంబం

పగడపు జంతువు నిర్మాణం చాలా సరళం. ఒక చిన్న సంచిని ఊహించుకోండి. దానికి పైన ఒకటే నోరు. ఆహారం లోపలికి వెళ్లేదీ, వ్యర్థం బయటికి వచ్చేదీ ఆ ద్వారం గుండానే. నోటి చుట్టూ స్పర్శకాలు, అంటే తంతువుల వంటి చేతులు ఉంటాయి. వాటి నిండా దంశ కణాలు. ఒక్కో కణంలో చుట్టచుట్టుకుని ఉన్న సూక్ష్మమైన విషపు దారం ఉంటుంది. ఎర తగలగానే అది బాణంలా దూసుకుపోతుంది.

ఈ సంచి ఒంటరిగా, పెద్దగా, రాతిని పట్టుకుని ఉంటే అది సీ ఎనిమోన్. వేలాది చిన్న సంచులు పక్కపక్కన చేరి, కింద సున్నపు ఇల్లు కట్టుకుంటే అది రాతి పగడం. అదే సంచి తలకిందులై, గొడుగులా విచ్చుకుని నీళ్లలో తేలితే అది జెల్లీ చేప. పేరులో చేప ఉన్నా అది చేప కాదు. దానికి ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. 1830లలో నార్వేకు చెందిన మతగురువు మైకేల్ సార్స్ మరో వింతను కనిపెట్టాడు. సముద్రం అడుగున అంటుకుని ఉండే ఒక చిన్న పాలిప్ పళ్లేల దొంతరలా చీలి, ఒక్కో పళ్లెం విడిపోయి జెల్లీ చేపగా మారుతోందని ఆయన గుర్తించాడు. వేర్వేరు జీవులని అనుకున్నవి ఒకే జీవి జీవితంలోని రెండు దశలని తేలింది. దంశ కణాలు గల ఈ కుటుంబాన్నంతటినీ ఇప్పుడు నిడేరియా అంటున్నాం.

దీవులు కట్టిన జంతువులు

ఇంత చిన్న జంతువు చేసే పని ఎంత పెద్దదో చార్లెస్ డార్విన్ చూపాడు. 1836 ఏప్రిల్‌లో బీగిల్ నౌక హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల దగ్గర ఆగింది. మధ్యలో ప్రశాంతమైన మడుగు, చుట్టూ ఉంగరంలా పగడపు దిబ్బ. మన లక్షద్వీపాలు, మాల్దీవులు కూడా ఇటువంటివే. దిబ్బలు కట్టే పగడాలు వెలుతురు అందే లోతుల్లోనే బతుకుతాయి. మరి లోతైన సముద్రం మధ్య అవి ఎలా మొదలయ్యాయి? డార్విన్ 1842లో ప్రచురించిన గ్రంథంలో దీనికి జవాబు చెప్పాడు. మొదట అక్కడ ఒక అగ్నిపర్వత దీవి ఉంది. దాని చుట్టూ పగడాలు పెరిగాయి. దీవి మెల్లగా కుంగిపోతుంటే, పగడాలు పాత ఇళ్ల మీద కొత్త ఇళ్లు కట్టుకుంటూ వెలుతురు వైపు పెరిగాయి. చివరికి దీవి మునిగింది, ఉంగరం మిగిలింది.

దీనిపై నూరేళ్లకు పైగా వాదోపవాదాలు జరిగాయి. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో అమెరికన్లు లోతైన బోరు వేశారు. 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. డార్విన్ మాట నిజమైంది. గింజంత జంతువులు కిలోమీటరుకు మించిన ఎత్తున కట్టడం కట్టాయి.

ఇంట్లో అద్దెకున్న వారు

అయితే మరో చిక్కు మిగిలింది. పగడపు దిబ్బలుండే వెచ్చని నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి. తేటగా ఉన్నాయంటే ఆహారం తక్కువ అన్నమాట. ఎడారి లాంటి ఆ నీళ్లలో ఇంత పెద్ద నగరం ఏం తిని బతుకుతోంది?

1881లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రాంట్ ఇటువంటి జీవుల శరీరంలో కనిపించే పసుపు గోధుమ రంగు కణాలకు జూజాంథెల్లా అని పేరు పెట్టాడు. అవి జంతువులో భాగం కావు, లోపల కాపురమున్న శైవలాలు. అంటే సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకునే సూక్ష్మజీవులు. 1928-29లో మారిస్ యంగ్ నాయకత్వంలో ఒక బృందం ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఏడాదికి పైగా ఉండి ఈ బంధాన్ని పరిశీలించింది. 1958లో మస్కటీన్, హ్యాండ్ అనే శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక కార్బన్‌ను ఉపయోగించి, శైవలం తయారు చేసిన పదార్థం సీ ఎనిమోన్ శరీరంలోకి చేరుతోందని నేరుగా చూపించారు. శైవలం తాను వండినదాంట్లో ఎక్కువ భాగాన్ని ఇంటి యజమానికి ఇస్తుంది. బదులుగా దానికి రక్షణ, బొగ్గుపులుసు వాయువు, పోషకాలు దొరుకుతాయి. పగడాలకు రంగు వచ్చేది కూడా ప్రధానంగా ఈ శైవలాల వల్లే.

ఇంటి లోపలే కాదు, ఇంటి చుట్టూ కూడా కాపురాలున్నాయి. 1868లో కాలింగ్‌వుడ్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త చైనా సముద్రంలోని పెద్ద సీ ఎనిమోన్‌ల లోపల చిన్న చేపలు నివసించడాన్ని వర్ణించాడు. ఇవే మన క్లౌన్ చేపలు. ఇతర చేపలను చంపే స్పర్శకాల మధ్య ఇవి హాయిగా తిరుగుతాయి. వాటి చర్మంపై ఉండే జిగురుపొర దంశ కణాలను రెచ్చగొట్టదు. చేపకు ఇల్లు దొరుకుతుంది. ఎనిమోన్‌ను కొరికే చేపలను అది తరిమికొడుతుంది. పీతలు, రొయ్యలు, నత్తలు, సముద్రపు గుర్రాలు, ఇలా ఎన్నో ఈ దిబ్బలను ఆశ్రయించుకుని బతుకుతున్నాయి. సముద్రపు అడుగులో ఒక శాతం కన్నా తక్కువ చోటును ఆక్రమించే పగడపు దిబ్బలపై సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు ఏదో ఒక దశలో ఆధారపడుతున్నాయి.

మన తీరంలో జరిగింది

ఇక మన దేశానికి వద్దాం. ఆంధ్ర తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి పగడానికి సరిపడవు. మన దేశంలో ముఖ్యమైన దిబ్బలు నాలుగు చోట్ల ఉన్నాయి: కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు, తమిళనాడు దగ్గరి మన్నార్ సింధుశాఖ.

వీటిలో మన్నార్ కథ మనకు పాఠం వంటిది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి వరకు 21 చిన్న దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. 1880లలోనే మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ రామేశ్వరం ప్రాంతపు సముద్ర జీవులపై నివేదిక రాశాడు. 1927లో అదే మ్యూజియం కురుసడై దీవి తీర జీవులపై ఒక సంపుటం వెలువరించింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏర్పడింది, ఆ తర్వాత మండపం దానికి కేంద్రమైంది. 1969 జనవరిలో పగడాలు, పగడపు దిబ్బలపై ఒక అంతర్జాతీయ సదస్సు ఆ మండపంలోనే జరిగింది. ఈ అంశానికే ప్రత్యేకించిన సదస్సుల్లో ఇది ప్రపంచంలోనే తొలి తరానికి చెందినది.

ఇప్పుడు ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించండి. శాస్త్రజ్ఞులు మండపంలో కూర్చుని పగడం జాతులను లెక్కిస్తున్న ఆ దశాబ్దాల్లోనే, అదే తీరంలో పడవలు పగడాన్ని గునపాలతో పెకలించి ఒడ్డుకు చేరవేస్తున్నాయి. సున్నపు బట్టీలకు, కాల్షియం కార్బైడ్ వంటి పరిశ్రమలకు అది చవకైన ముడిసరుకు. పగడం జంతువని లోకానికి తెలిసి రెండు వందల ఏళ్లు దాటింది. అయినా వ్యాపారంలో అది ఇంకా రాయే! ఆ పనికి దిగిన మత్స్యకారులను మాత్రమే నిందించడం న్యాయం కాదు. వారికి దక్కింది రోజు కూలి. లాభం వేరే చోటికి వెళ్లింది, నష్టం వారి వలల్లో మిగిలింది. దిబ్బ పోతే చేప పోతుంది, అలల తాకిడికి అడ్డూ పోతుంది. పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు దీవులు నీటిలో మునిగిపోయాయి. పగడపు తవ్వకమే దానికి ప్రధాన కారణమని పరిశీలకులు చెబుతారు.

1986లో ఈ దీవులను సముద్ర జాతీయ ఉద్యానవనంగా, 1989లో ఈ ప్రాంతాన్ని జీవావరణ పరిరక్షణ మండలంగా ప్రకటించారు. 2001లో రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి, ఏనుగు ఉన్న జాబితా అది. పేసొనెల్ చెప్పిన మాటను మన చట్టం అంగీకరించడానికి ఇంచుమించు 275 సంవత్సరాలు పట్టిందన్నమాట. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే అక్కడ పగడపు తవ్వకం ఆగిపోయింది. విరిగిన చోట్ల పగడపు ముక్కలను తిరిగి నాటే ప్రయత్నాలు కూడా మొదలయ్యాయి.

తెల్లబారిన దిబ్బలు

కథ ఇక్కడ సుఖాంతమైతే బాగుండేది. కాని గునపం ఆగినా ఎండ ఆగలేదు. సముద్రపు నీరు వేసవిలో ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగి, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడానికీ శైవలానికీ మధ్య ఒప్పందం చెడిపోతుంది. వేడికి శైవలం లోపల హానికర పదార్థాలు పేరుకుంటాయి. పగడం దాన్ని బయటకు నెట్టివేస్తుంది. రంగు పోయి తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. పగడం వెంటనే చనిపోదు. అది ఆకలితో ఉన్న దశ. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి చేరతాయి. లేకపోతే మరణమే.

1998లో ప్రపంచవ్యాప్తంగా ఇలా జరిగింది. లక్షద్వీపాలు, అండమాన్, మన్నార్ అన్నీ దెబ్బతిన్నాయి. 2010లో మళ్లీ జరిగింది. 2014-17 మధ్య మూడోసారి. 2023లో మొదలైన నాలుగో దఫాను 2024 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు. 2025 ఏప్రిల్ నాటికి ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో దాదాపు 84 శాతం ప్రాంతం ఆ వేడికి గురైంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య కోలుకునే వ్యవధి తగ్గిపోతోంది. గుండ్రాయిలా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ వ్యవధి ఎంత విలువైనదో మీకు అర్థమవుతుంది.

చరిత్ర చెప్పే మాట

రాయి అనుకున్నంత కాలం పగడాన్ని కొన్నాం, పగలగొట్టాం. మొక్క అనుకున్నప్పుడు గాజు పాత్రలో పెట్టి ముచ్చటపడ్డాం. జంతువని తెలిశాక చాలా ఆలస్యంగా చట్టం చేశాం. గునపం పట్టిన చేతిని ఆ చట్టం ఆపగలిగింది. అయితే పగడం ఒక భాగస్వామ్యం అన్న నాలుగో జవాబుకు తగిన ప్రవర్తన మనం ఇంకా నేర్చుకోలేదు. ఒక జంతువును కాపాడాలంటే దాని చుట్టూ కంచె వేయవచ్చు. ఒక బంధాన్ని కాపాడాలంటే అది నిలిచే పరిస్థితులను, అంటే నీటి వెచ్చదనాన్ని, తేటదనాన్ని కాపాడాలి. వేడెక్కిన నీరు ఉద్యానవనం సరిహద్దు దగ్గర ఆగదు. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు తీరానికి వందల మైళ్ల దూరంలో ఉన్నా ఆ బంధాన్ని తాకుతాయి.

తీర్థయాత్రకో విహారానికో సముద్ర తీరానికి వెళ్లినప్పుడు దుకాణాల్లో తెల్లని పగడపు ముక్కలు ఎవరైనా అమ్మజూపితే కొనకండి. చట్టరీత్యా అది నేరమని మీ పిల్లలకు చెప్పండి. అది రాయి ఎందుకు కాదో కూడా చెప్పండి. పేసొనెల్ మాట పండితుల సభ దాటడానికి పాతికేళ్లు, చట్టంలోకి రావడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. బ్రాంట్, యంగ్, మస్కటీన్ చెప్పిన మాట మన నిత్యజీవితంలోకి రావడానికి కూడా అంత సమయం తీసుకుంటే, అప్పటికి చూపించడానికి దిబ్బలు మిగలకపోవచ్చు.